ఎనిమిదో కుర్చీ

"మళ్ళీ పోయింది!" అంది కోడలు, కుట్టుమిషను సొరుగంతా బల్ల మీద బోర్లించి. "నిన్న సాయంత్రం ఇక్కడే పెట్టాను. గుడ్డ మీద గీతలు గీసే నీలం చాకుముక్క, కొత్తది. దానికేమైనా కాళ్ళొచ్చాయా?"

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. "ఎలక ఎత్తుకుపోయిందేమోనే."

"ఎలకకి చాకెందుకత్తయ్యా, బళ్ళో చేరిందా?"

పక్కనే నిలబడ్డ మామగారు మాత్రం ఈ సంభాషణతో తనకేమీ సంబంధం లేనట్టు, గోడవారనున్న మడతకుర్చీలు లెక్కపెట్టుకుంటున్నారు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. అవి నిన్నా ఎనిమిదే, మొన్నా ఎనిమిదే. అయినా ఆయన రోజూ లెక్కపెడతారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి కదా, బండి తీసేముందు చక్రాలన్నీ ఉన్నాయో లేవో చూసుకునే అలవాటు పోలేదు. వీధిలో ఇప్పటికీ అందరికీ ఆయన డ్రైవరుగారే.

చలికాలం చివరి రోజులవి. దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీసేస్తే చలి. తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద పట్టిన చెమ్మ తొమ్మిదింటికల్లా ఆరిపోతోంది. ఇలాంటి రోజుల్లో ఎండలో కూర్చోవడానికి మించిన సుఖం ఇంకోటి ఉందంటే నేను నమ్మను. కాకపోతే ఆ వీధిలో ఎండ అంత తేలిగ్గా దొరకదు. సందు ఇరుకు, అటూ ఇటూ మేడలు. వరస మొత్తంలో డ్రైవరుగారి ఇల్లొక్కటే మేడ లేనిది. దాని మీదుగా, రెండు మేడల మధ్య సందులోంచి పొద్దుటి ఎండ వచ్చి ఎదురుగా ఉన్న పాత కాగితాల గోడౌను గోడ మీద పడుతుంది. ఎనిమిదిన్నరకి ఎడమ చివర మొదలై, మెల్లగా జరుగుతూ జరుగుతూ పదింపావుకి కుడి చివరకొచ్చి మాయమైపోతుంది.

ఆ గంటా ముప్పావు కోసమే ఈ కుర్చీలు. అందరికంటే ముందు పేపరు తాతయ్య వస్తాడు. పేపరు పైకి చదువుతాడు గానీ అందులో వార్త పావు వంతు, ఆయన అభిప్రాయం ముప్పావు వంతు. తర్వాత బార్బరు, కొట్టు తెరిచేలోపు ఓ అరగంట కూర్చుని పోతాడు. ఆ పైన అల్లికల పిన్ని. మూడు చలికాలాలుగా ఒకటే స్వెట్టరు అల్లుతోంది, నచ్చక విప్పుతోంది. ఇంకో నలుగురు ఇరుగుపొరుగు. ఎవరో ఒకరు కమలాపళ్ళు తెస్తారు, ఇంకెవరో ఫ్లాస్కులో టీ తెస్తారు. తొక్కలు ఒలిచిన వాసన వీధంతా వస్తుంది. ఎండతో పాటు కుర్చీలూ జరుగుతుంటాయి. జరిపే డ్రైవరుగారు మాత్రం కూర్చోరు.

"ఉన్నది ఏడుగురు కదా, ఎనిమిది కుర్చీలెందుకు మావయ్యగారూ?" అని కోడలు ఓసారి అడిగింది.

"బండికి స్టెప్నీ చక్రం ఉండద్దటమ్మా?" అన్నారాయన.

కోడలికి కుర్చీలతో పేచీ లేదు. అవి వెళ్ళే దారితోనే పేచీ. ఆమె టైలరు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ, అంటే పదకొండేళ్ళుగా, ముందుగదిలో ఓ మూల మిషను పెట్టుకుని కుడుతోంది. ఎవరైనా వస్తే గుడ్డలన్నీ మంచం మీద పడేయాలి. కత్తిరించాలంటే భోజనాల బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఆమె కుట్టిన బట్టకి వంక పెట్టినవాళ్ళు లేరు గానీ, ఆమెకంటూ ఓ గది లేదు. ఈ ఏడు ఎలాగైనా మేడ మీద ఒక గది వేయించుకోవాలనుకుంది. కూడబెట్టుకుంది కూడా. వీధివైపు గది, గది ముందు పెద్ద బోర్డు. మేస్త్రి వచ్చి డాబా మీద ఇటుకలు పేర్చి హద్దులు చూపించిన రోజు, ఆ ఇటుకల మధ్య అటూ ఇటూ నడిచి, "ఇక్కడ కత్తిరింపు బల్ల, ఇక్కడ అద్దం" అని తనలో తనే మురిసిపోయింది.

ఇక మిగిలింది ప్లాను కాగితం మీద మామగారి సంతకం. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఆ సంతకమే మూడు వారాలుగా పడట్లేదు.

మొదటి వారం ఆయన పెన్నులో ఇంకు అయిపోయింది. రెండో వారం కళ్ళజోడు కనిపించలేదు. మూడో వారం చెయ్యి నొప్పన్నారు. అదే చేత్తో రోజుకి ఎనిమిది కుర్చీలు మోస్తున్నారు. మొగుడి ముందు కోడలు సణిగితే, "అడుగుతాలే" అన్నాడతను. అతను కరెంటు మీటర్ల రీడింగు తీస్తాడు. ఊరందరి మీటర్లూ చూసే మనిషికి ఇంట్లో ఎవరి మీటరు ఎంత జోరుగా తిరుగుతోందో మాత్రం తెలియదు.

ఆ రోజు చాకు పోయిన చిరాకులో ఉండగానే మామగారు రెండు కుర్చీలు చంకన పెట్టుకుని మిషను పక్కనుంచి బయల్దేరారు. ఆమె కాస్త పక్కకి ఒరిగింది. ఆయన కాస్త వంగారు. కుర్చీ కాలు వెళ్ళి, మిషను మీద వేలాడుతున్న తెల్లకోటుకి తగిలింది. మందుల షాపావిడ కోటది, మధ్యాహ్నం ఇవ్వాలి. జేబు మీదుగా కిందిదాకా తుప్పు మరక గీసినట్టు పడింది.

"అయ్యో" అన్నారు మామగారు.

కోడలు కోటు తీసి చూసింది, మళ్ళీ తగిలించింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేస్త్రి దగ్గాడు. "అమ్మా, కాగితం ఇస్తే రేపు పొద్దున్నే మున్సిపల్ ఆఫీసులో ఇచ్చేస్తా. ఇంకా ఆలస్యమైతే నేను వేరే పని ఒప్పుకోవాలి. తర్వాత నన్ననుకోవద్దు."

"ఇదిగో, ఆయన్నడగండి" అంది కోడలు.

మామగారు కుర్చీలు దించి, జేబులు తడుముకున్నారు. "పెన్నూ..." అని నసిగారు.

అంతే, ఆమె ఓర్పు తెగిపోయింది. "పెన్ను ఇదిగో. కళ్ళజోడు మీ జేబులోనే ఉంది. చెయ్యి బాగానే ఉంది, ఇప్పుడే చూశాను. ఇంకేం సాకు చెప్తారు మావయ్యగారూ?"

"ఏమోయ్, మెల్లగా" అన్నాడు లోపలి గదిలోంచి వచ్చిన మొగుడు.

"మీరుండండి! పదకొండేళ్ళు మెల్లగానే ఉన్నాను. పదకొండేళ్ళుగా ఈ మూల గోడకి ముఖం పెట్టుకుని కుడుతున్నాను. ఎవరొచ్చినా లే, తీయి, సర్దు. ఒక్కరోజు ఎదురు మాట్లాడానా? అడిగిందల్లా ఒక గది. అదీ నా కష్టంతో." "ఆ ఎనిమిది కుర్చీలకున్న చోటు నాకు లేదా ఈ ఇంట్లో?"

అత్తగారు చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. మేస్త్రి గుమ్మంలోంచి ఓ అడుగు వెనక్కి వేసి, పైకప్పు పరీక్షించడం మొదలుపెట్టాడు.

మామగారు గుమ్మంలోంచి ఎదుటి గోడ వైపు చూశారు. చివరికి, "గది వేస్తే ఎండ పోతుందమ్మా" అన్నారు.

"ఏం పోతుంది?" అన్నాడు కొడుకు అర్థంకాక.

"ఎండరా. మనింటి మీంచే కదా వీధిలోకి వచ్చేది. మేస్త్రి ఇటుకలు పేర్చిన రోజే చూసుకున్నాను. ముందువైపు గది లేచిందంటే ఎదుటి గోడ మీద ఒక్క జానెడు ఎండ కూడా పడదు. ఆ ముసలాళ్ళకి పొద్దున్నే అదొక్కటే..." ఆయన మాట మింగేశారు. "నోరు తెరిచి ఎలా చెప్పను? నీ బతుకుతెరువుకీ ఎండకీ పోటీ పెట్టడం సిగ్గనిపించింది. అందుకే దాటేస్తూ వచ్చాను."

కోడలికి కోపం తగ్గకపోగా రెట్టింపైంది. ఎండా! ఇన్నాళ్ళూ తన గది ఆగింది ఎండ కోసమా? ఏదైనా పెద్ద కారణం ఉంటే సరిపెట్టుకునేదేమో. "మీ ఇష్టం" అని ముఖం తిప్పుకుంది.

మామగారు బల్ల మీది పెన్ను తీసుకుని, కాగితం మీద సంతకం పెట్టి మేస్త్రి చేతికిచ్చారు. "రేపు పొద్దున్నే ఆఫీసులో ఇచ్చెయ్యి" అన్నారు. తర్వాత రెండు కుర్చీలూ తీసుకుని, ఈసారి వంటింట్లోంచి పెరటి దారిన చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్ళారు. మిగతా ఆరూ అలాగే మోశారు.

కావలసింది దొరికితే మనిషి సంతోషపడాలి. కోడలు ఆ రోజంతా ఆ సంతోషం కోసం వెతుక్కుంది. కోటు మరక నిమ్మకాయతో రుద్ది వదలగొట్టింది. కోటు ఇచ్చేసి వచ్చింది. రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి కూర్చుంది. మామగారు మామూలుగానే ఉన్నారు. అదే ఆమెకి ఎక్కువ బాధ.

మర్నాడు పొద్దున్న తొమ్మిది కావస్తుంటే అల్లికల పిన్ని ఊలు సంచీతో సహా లోపలికొచ్చింది. దెబ్బలాటకేమో అని కోడలు మనసులో నడుం బిగించింది.

"గది వేయించుకుంటున్నావటగా! డ్రైవరుగారు చెప్పారు" అంది పిన్ని ముఖమంతా నవ్వుతో. "ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నానే తల్లీ, ఈ పిల్ల ఆ మూల నడుం విరగ్గొట్టుకుంటోందని. బోర్డు మాత్రం పెద్దది పెట్టు. నాకు కళ్ళజోడు లేకపోయినా కనబడాలి."

"మరి... మీ ఎండ?" అంది కోడలు.

"ఆఁ, ఎండదేముంది! స్వెట్టరు పూర్తిచేసి తొడుక్కుంటాను. ఇప్పుడైనా పూర్తవుతుందేమో."

పిన్ని వెళ్ళిపోయింది. ఒక్క నిష్ఠూరమాడినా కోడలు తట్టుకునేది. ఆ నవ్వే తట్టుకోలేకపోయింది. మిషను మీద చెయ్యి నిలవలేదు. పావుగంట గింజుకుని, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.

నిజానికి ఆమె ఆ వేళప్పుడు బయటికి రావడం అదే మొదలు. పేపరు తాతయ్య ఎవరో మంత్రిని ఏకిపారేస్తున్నాడు. బార్బరు కళ్ళు మూసుకుని ముఖం ఎండకి పెట్టాడు. మామగారు ఓ కుర్చీని జానెడు కుడికి జరుపుతూ కోడల్ని చూసి ఆగిపోయారు. గోడ మీద, కుర్చీ వీపులు ఆనే ఎత్తులో, ఏవో నీలం బొమ్మలు. ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసి పిల్లల గీతలనుకుంది. దగ్గరికొచ్చి చూస్తే, అది తన చాకు రంగు.

"ఎలక దొరికింది" అంది.

మామగారు తల గోక్కున్నారు. "మామూలు సుద్దైతే చెమ్మకి చెరిగిపోతోందమ్మా. నీది గట్టిది. ఎండ ఏ టైముకి ఎక్కడికొస్తుందో, అక్కడ ఎవరి స్టాపో గుర్తు. రోజూ కాస్త జరుగుతుంది కదా, మళ్ళీ గీస్తుంటాను."

ఎడమ చివర కళ్ళజోడు బొమ్మ, కింద ఎనిమిదీ ముప్పై. అది పేపరు తాతయ్య. తర్వాత రెండు అల్లిక సూదులు. ఒక టీకప్పు, ఒక చేతికర్ర, ఇంకా ఏవో. అన్నిటికీ టైములు. చిట్టచివర, తమ గేటుకి సరిగ్గా ఎదురుగా, పదీ ఐదు. దాని పైన కత్తెర బొమ్మ. దాని ముందు ఖాళీగా ఎనిమిదో కుర్చీ.

"ఇది మీదా?" అని బార్బరుని అడిగింది.

అతను కళ్ళు తెరిచాడు. "నాది ఆ దువ్వెన. మా కత్తెరకి పిడులు రెండూ ఒకేలా ఉంటాయమ్మా. సరిగ్గా చూడండి."

చూసింది. బొమ్మలో ఒక పిడి చిన్నది, ఒకటి పెద్దది. బొటనవేలు ఒకదాంట్లో, నాలుగు వేళ్ళూ ఇంకోదాంట్లో పట్టే కత్తెర. గుడ్డలు కోసే కత్తెర. ఆ వీధిలో అలాంటిది ఒక్కరికే ఉంది.

"పదింటికి నువ్వు మిషను ఆపి టీ తాగుతావు కదమ్మా" అన్నారు మామగారు నేల చూస్తూ. "ఆ పది నిమిషాలు ఎండలో కూర్చుంటావేమోనని. నువ్వొచ్చిన ఏడాది నుంచీ వేస్తున్నా. పిలుద్దామంటే పని పాడు చేస్తానేమోనని మొహమాటం. స్టెప్నీ అన్నది ఊరికే అన్నాను."

ఆమెకి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నిన్న తనన్న మాట తనకే వినిపించింది. ఎనిమిది కుర్చీలకున్న చోటు నాకు లేదా. పదకొండు చలికాలాలు ఆయన రోజూ ఆ కుర్చీ మోసుకెళ్ళి, వేసి, ఖాళీదాన్ని మళ్ళీ మోసుకొచ్చారు. అదీ తన పక్కనుంచే. ఇన్నేళ్ళలో తను ఒక్కసారి తలెత్తి అడగలేదు, ఆయన ఒక్కసారి నోరు విప్పి చెప్పలేదు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు!

కొంగుతో ముఖం తుడుచుకుని, ఆమె డాబా వైపు చూసింది. తర్వాత గోడ మీది ఎండని చూసింది. మళ్ళీ డాబా వైపు. అది ఏడుపు చూపు కాదు, కొలత చూపు.

"ఏవండీ!" అని కేకేసింది. బ్యాగు తగిలించుకుని పనికి బయల్దేరుతున్న మొగుడు ఉలిక్కిపడ్డాడు. "మేస్త్రికి ఫోన్ చేసి ఆ కాగితం ఇవ్వద్దని చెప్పండి. ఆయన్ని వెంటనే ఇక్కడికి రమ్మనండి. అత్తయ్యా, పాత దుప్పట్లన్నీ తీయండి!"

"ఇప్పుడు దుప్పట్లెందుకే? పగలు కదా!" అంది అత్తగారు.

"నేను ఏ కోటైనా అసలు గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పాత గుడ్డతో కుట్టి, తొడిగి చూస్తానా లేదా? ఇంటికి మాత్రం ఎందుకు చూడలేదో నాకే తెలియట్లేదు."

అరగంటలో డాబా మీద హడావుడి మొదలైంది. మేస్త్రి కర్రలు పట్టుకొచ్చాడు. మొగుడు ఆఫీసుకి ఆలస్యమవుతుందని ఫోన్ చేశాడు. కోడలు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని, దుప్పట్లు కర్రలకి గుచ్చి, ఇటుకల హద్దు మీద గది ఆకారం నిలబెట్టించింది. అలా నిలబడిందో లేదో, వీధిలో ఎండ మొత్తం ఆరిపోయింది. నీడ గోడ పైదాకా పాకింది. అల్లికల పిన్ని గబుక్కున శాలువా లాక్కుంది. పేపరు తాతయ్య మంత్రిని వదిలేసి తలెత్తాడు. ఎండ పోవడమంటే ఏమిటో కోడలికి అప్పుడు ఒంటికి తెలిసింది.

ఆమె కిందికి దిగి వీధిలో నిలబడింది. "వెనక్కి జరపండి! ఇంకా! నీళ్ళ ట్యాంకు దాకా!"

"అక్కడ ట్యాంకుందమ్మా" అన్నాడు మేస్త్రి పైనుంచి.

"దాన్ని మూలకి జరుపుదాం. గది జరగాలంటే ట్యాంకూ జరగాలిగా!"

దుప్పట్ల గది నలుగురి చేతుల్లో ఊగుతూ వెనక్కి నడిచింది. గోడ మీద ఎండ పైనుంచి కిందికి దిగి, తల ఎత్తు దగ్గర ఆగింది.

"ఇప్పుడు ముందువైపు దించండి. వెనక ఎత్తు అలాగే ఉంచి, ముందు వాలుగా. భుజం దించినట్టు!"

"ఇంటికి భుజాలేంటమ్మా?" అని మేస్త్రి గొణిగాడు గానీ దించాడు. ఎండ మోకాళ్ళ దాకా దిగింది. బార్బరు చప్పట్లు కొట్టాడు. ఆరోజు కొట్టు తెరవడం ఎప్పుడో మర్చిపోయాడు.

"ఆగమ్మా" అన్నారు మామగారు పక్కకొచ్చి. ఆయన గొంతులో మొదటిసారి హుషారు. "ఇది చలికాలం చివర. నడిచలికాలంలో సూర్యుడు ఇంకా కిందనుంచి వస్తాడు. నాకు లెక్క తెలుసు."

"అయితే ఇంకో రెండు జానలు మార్జిన్ వదులుదాం" అంది కోడలు. "ఉతికాక కురచవ్వకుండా. మేస్త్రిగారూ, ఇంకో రెండు జానలు దించండి!"

"గది చిన్నదైపోతుందే!" అన్నాడు మొగుడు పైనుంచి. "బోర్డు కూడా వీధికి కనబడదు!"

"బోర్డు నా కొట్టు ముందు పెడతా" అన్నాడు బార్బరు. "క్షవరానికొచ్చినవాళ్ళు చొక్కా కొలతలూ ఇచ్చి పోతారు."

"అద్దం పెట్టే చోట వాలొస్తుంది, అంతేగా. అద్దం వెనక గోడకి పెట్టుకుంటా" అంది ఆమె. "కత్తిరింపు బల్ల పడుతుంది. నాకది చాలు."

మేస్త్రి చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి, కొత్త కొలతలన్నీ కాగితం వెనక రాసుకున్నాడు. "ఇరవై ఏళ్ళ నుంచి ఇళ్ళు కడుతున్నా. ఇంటికి ఫిట్టింగ్ చూడటం ఇదే మొదలు" అన్నాడు. కొత్త ప్లాను సాయంత్రానికి గీసి తెస్తానన్నాడు. సంతకం మాటెత్తగానే మామగారు జేబులోంచి పెన్ను తీసి చూపించారు. మూత తీసే ఉంది. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తగారు, దుప్పట్లు ఎవరు ఉతకాలని కూడా అడిగింది.

అప్పటికి టైము పదైంది. ఎండ కుడివైపుకి జరిగి గేటు ఎదుటికొచ్చింది. కోడలు చేతులు దులుపుకుని ఇంట్లోకి వెళ్ళబోతుంటే మామగారు అడ్డంగా నిలబడ్డారు. గోడ మీది కత్తెర బొమ్మ వైపు చెయ్యి చూపించారు, అంతే. బొమ్మ మీద ఎండ సగం పడింది.

ఆమె ఎనిమిదో కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఇనుము ఇంకా చల్లగానే ఉంది. కాసేపటికి ఎండ భుజాల మీదికి వచ్చింది. పదకొండేళ్ళు వంగి వంగి బిగుసుకుపోయిన మెడ మీదికి వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. పిన్ని ఒలిచిన కమలాపండు తొనలు చేతిలో పెట్టింది, అత్తగారు టీ తెచ్చి ఇచ్చింది.

"నిన్న నోరు జారాను మావయ్యగారూ" అంది కళ్ళు తెరవకుండానే. "క్షమించండి."

"నేను నోరు మెదపనందుకు జారిందమ్మా అది" అన్నారాయన. "ఇద్దరం తలో సగం పంచుకుందాం."

"చాకు మాత్రం ఇకనుంచి అడిగి తీసుకోండి."

"అడిగితే ఇస్తావా?"

"ఎర్రదిస్తాను. నా బొమ్మ ఎర్ర చాకుతో గీయండి."

ఆయన నవ్వి, చుట్టూ చూశారు. ఒకటి, రెండు, మూడు... వేలు గాలిలో కదిలిస్తూ మనుషుల్ని లెక్కపెట్టారు. ఎనిమిది కుర్చీలు, ఎనిమిదిమంది. పదకొండేళ్ళలో మొదటిసారి సీట్లన్నీ నిండాయి. బస్సు నడిపినన్నాళ్ళూ వెనకనుంచి కండక్టరు అంటుంటే వినడమే తప్ప తను ఎప్పుడూ అనని మాట ఆ రోజు అన్నారు. గోడ మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, "రైట్ రైట్!" అన్నారు.